నా కూతురికి లేని ఆయాసం

మా తెలుగు ప్రార్థన కూటంలో పిల్లల చదువుల సంగతి వచ్చినప్పుడు ఒక వరస ఉంటుంది. మెడిసిన్ సీటంటే చప్పట్లు. డెంటల్ అంటే చిరునవ్వులు. ఇంకేదైనా అయితే, అదీ మంచిదేలేమ్మా అనే ఓదార్పు. మా అమ్మాయి ఆర్మీ ఆఫీసర్ల అకాడమీకి దరఖాస్తు పెట్టిందని నేను చెప్పిన ఆదివారం చప్పట్లూ లేవు, ఓదార్పూ లేదు. పక్కన కూర్చున్న ఆంటీ నా చెయ్యి పట్టుకుని, ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆవిడని ఏమైనా అనడానికి నాకు నోరు లేదు. అంతకు నెల ముందు మా వంటింట్లో నేను చూపించిన తెలివి అంతకంటే గొప్పదేం కాదు.

నేను బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుని. మా ఆయన సిటీ బస్సు నడుపుతాడు. ఇద్దరిదీ గుంటూరు. ఇక్కడికొచ్చి ఇరవై మూడేళ్ళయింది. ఒక్కతే కూతురు, ఇక్కడే పుట్టింది. మేం తెలుగులో మాట్లాడితే అన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెబుతుంది. పదమూడో ఏట స్కూల్లో కేడెట్లలో చేరతానంటే నేనే సంతకం పెట్టాను. నేను కాలేజీలో ఎన్.సి.సి.లో ఉన్నాను. పెరేడ్ అయ్యాక పెట్టే పూరీల కోసం చేరాను, పూరీలు బాగున్నంతకాలం ఉన్నాను. ఇదీ అలాంటిదే అనుకున్నాను. మా పిల్ల పూరీలతో ఆగలేదు.

డిగ్రీ చివరి సంవత్సరంలో ఒక శనివారం నేను ఉల్లిపాయలు తరుగుతుంటే వచ్చి చెప్పింది. ఉల్లిపాయలు మంచి అదునుకు దొరికాయి, కళ్ళనీళ్ళకు సాకు వెతుక్కోనక్కర్లేకపోయింది. ఏ యుద్ధానికి వెళ్తావు, ఎవరి మీద కాలుస్తావు, నిన్ను కాలిస్తే మాకు ఎవరు చెబుతారు అని వరసగా అడిగాను. తను నెమ్మదిగానే చెప్పింది. ఆఫీసరంటే ముప్పై మంది మనుషుల బాధ్యత అనీ, వాళ్ళు తిన్నారా, పడుకున్నారా, కాళ్ళు పుండ్లు పడ్డాయా, ఇంట్లో ఏదైనా కష్టం ఉందా అని చూసుకోవడమే ఎక్కువ పని అనీ, నువ్వు వార్డులో చేసేది అదే కదా అనీ అంది. వార్డులో నా మీద ఎవరూ దాడి చెయ్యరు అన్నాను. పోయిన నెల నీ మీద ట్రే విసిరిందెవరు అని అడిగింది. నేను ఇంకో ఉల్లిపాయ తీసుకున్నాను.

మా ఆయన ఇంకో దారిలో ఆలోచించాడు. ఇంత పెద్ద సీటు ఎవరి మాటా లేకుండా ఎలా వస్తుందని ఆయన అనుమానం. తన బస్సులో రోజూ ఎక్కే కౌన్సిలర్ ఒకాయన ఉన్నాడనీ, ఆయనతో ఒక మాట చెప్పిస్తే బాగుంటుందేమోననీ అన్నాడు. అమ్మాయి నవ్వి, ఇక్కడ ఎవరి సిఫారసూ పనికిరాదని వివరంగా చెప్పింది. మొదట దరఖాస్తు. తర్వాత మన సర్జరీ నుంచి, ఇక్కడ పేట డాక్టరు క్లినిక్‌ను అలాగే అంటారు, పుట్టిన నాటి నుంచీ ఉన్న ఆరోగ్య రికార్డు తెప్పించుకుని చూస్తారు. అది దాటితే రెండు రోజుల చిన్న పరీక్ష, అదీ దాటితే మూడున్నర రోజుల పెద్ద పరీక్ష. ఆ పెద్ద పరీక్షలో నెగ్గినవాళ్ళకే అకాడమీలో చోటు. మా ఆయన అంతా విని, మరి రిఫరెన్సుకైనా ఆ కౌన్సిలర్ పనికొస్తాడా అని అడిగాడు.

నేను మాత్రం నాకు తెలిసిన ఒకే ఒక్క పై అధికారికి దరఖాస్తు పెట్టుకున్నాను. రోజూ పొద్దున్నే మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ప్రభువా, ఈ పిల్లకు ఆ సీటు రాకుండా చెయ్యి, దాని మనసు నొచ్చుకోకుండా రాకుండా చెయ్యి అని ప్రార్థించాను. తల్లి ప్రార్థన ఎలా ఉండకూడదో అలా ఉందని నాకు తెలుసు. అయినా మానలేదు.

తను ఆ ఏడాదంతా తయారైంది. టాఫ్ నది ఒడ్డున పరుగెత్తేది. వార్తలు చదివి, అన్నం తినేటప్పుడు వాళ్ళ నాన్నకు ప్రపంచంలో ఏం జరుగుతోందో చెప్పేది. వారాంతాల్లో బరువు మోసుకుంటూ కొండలెక్కడం అలవాటు చేసుకుంది. బరువుకు వేరే ఏమీ కొనలేదు, మా ఇంట్లో పదికిలోల బియ్యం సంచి బ్యాగులో పెట్టుకుని పోయేది. ఆ ఏడాది మా ఇంట్లో బియ్యమంతా వేల్స్ కొండలు ఎక్కి దిగాకే ఉడికింది. సగం నూకలు. నేను తిడుతూనే ఉప్మా చేసేదాన్ని.

చూస్తూ చూస్తూ నాకే తెలియకుండా నా ప్రార్థనలో బలం తగ్గుతూ వచ్చింది. పిల్ల అంత కష్టపడుతుంటే రాకూడదని కోరుకోవడానికి కూడా గుండె ఉండాలి.

అప్పుడు ఈమెయిల్ వచ్చింది. మంగళవారం, నాకు సెలవు. తను మెట్ల మీద కూర్చుని ఫోన్లో చదివింది, చదివి మళ్ళీ చదివింది. ఆరోగ్య కారణాల వల్ల దరఖాస్తు తిరస్కరించారు. రికార్డు ప్రకారం చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉంది, ఇన్‌హేలర్ ఈమధ్య దాకా వాడుతున్నట్టు ఉంది, దరఖాస్తులో మాత్రం లేదని రాశారు అని ఉంది అందులో. మందు మానేశాక కొన్నేళ్ళు గడిస్తే మళ్ళీ పెట్టుకోవచ్చట. అవన్నీ ఒక ఎత్తు, దరఖాస్తులో తను రాసిన దానికీ రికార్డుకూ పొంతన లేదన్న వాక్యం ఒక ఎత్తు. ఆఫీసరు కావాలనుకునేవాళ్ళకు అబద్ధమాడారన్న మచ్చ ఆస్తమా కంటే పెద్ద జబ్బు.

మొదటి క్షణం నాకు కలిగింది ఉపశమనం. దేవుడు విన్నాడనుకున్నాను. సిగ్గు విడిచి రాస్తున్నాను ఈ మాట. రెండో క్షణంలో తను తలెత్తి, "మమ్మీ, నాకు ఆస్తమా ఉందా?" అని అడిగింది.

"చిన్నప్పుడు కాస్త ఉండేదిలే," అని సింకు దగ్గరకు పోయి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

అందులో సగం నిజం. దానికి ఆరేళ్ళప్పుడు ఒక చలికాలం జలుబు చేసి ఛాతీలో పిల్లికూతలు వచ్చాయి. డాక్టరు నీలం రంగు ఇన్‌హేలర్ రాసింది. ఎండలు వచ్చేసరికి ఆయాసం పోయింది, మళ్ళీ రాలేదు. కానీ ఆ మందు పేరు సర్జరీలో, అడిగినప్పుడల్లా ఇచ్చే మందుల జాబితా అయిన రిపీట్ ప్రిస్క్రిప్షన్‌లో ఉండిపోయింది. ఆ వేసవిలో గుంటూరు వెళ్ళాం. మా అక్క మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాసేది. సీజను వచ్చిందంటే ఆ ఘాటుకు తన ఊపిరి తన వశంలో ఉండదు. మేం వెళ్ళిన పూట అక్క అవస్థ చూడలేక పిల్ల ఇన్‌హేలర్ ఇచ్చాను. రెండు సార్లు పీల్చి, గోడకు ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. "మీ దేశం మందు మందేనే చెల్లీ. ఎంటనే ఊపిరందుద్ది," అంది.

అదే కంపెనీది, అదే నీలం రంగుది, గుంటూరులో ఏ మందుల షాపులో అడిగినా ఇస్తారు. నర్సుని, నాకు తెలియదా? తెలుసు, చెప్పాను కూడా. అక్క నమ్మలేదు. ఇక్కడి నుంచి ఊరికి వెళ్ళే ప్రతి నర్సు పెట్టెలోనూ ఒక మందుల సంచి ఉంటుంది. తలనొప్పి బిళ్ళలు, మోకాళ్ళకు రాసే ఆయింట్‌మెంటు, విటమిన్లు. అన్నీ అక్కడ దొరికేవే. మనం చేత్తో ఇస్తే పనిచేస్తాయి, కొనుక్కుంటే పనిచెయ్యవు. అక్క నమ్మకాన్ని నేనూ గట్టిగా చెరపలేదు. నా మందు వల్ల అక్కకు ఊపిరి ఆడుతోందంటే నాకు బాగుండేది. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగిన మనిషికి నేనేదో తిరిగి ఇస్తున్నాననిపించేది.

అలా ఊరెళ్ళే ముందల్లా నా కూతురి పేరు మీద చీటీ నింపి సర్జరీ పెట్టెలో వేసేదాన్ని. వేల్స్‌లో మందులకు ఎవరూ ఏమీ కట్టక్కర్లేదు, అడిగేవాళ్ళూ లేరు. ఏడాదికోసారి సర్జరీ నర్సు ఫోన్ చేసేది. పాప ఊపిరి ఎలా ఉంది, ఇన్‌హేలర్ అవసరమవుతోందా అని అడిగేది. లేదంటే జాబితాలోంచి తీసేస్తారు. అందుకని, చలికాలంలో అప్పుడప్పుడు, పరుగెత్తినప్పుడు కొంచెం అని చెప్పేదాన్ని. దానికి పద్దెనిమిది దాటాక కూడా సర్జరీలో ఉన్న ఫోన్ నంబరు నాదే. చివరిసారి వేసిన చీటీ రెండు వేసవుల కిందటిది.

ఇందులో ఎవరికీ ఏ నష్టమూ లేదనుకున్నాను. దొంగతనం అన్న మాట ఆ పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా నా బుర్రలోకి రాలేదు.

ఆ ఈమెయిల్ వచ్చాక మాత్రం తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో నన్ను చూస్తే సరిపోయేది. అమ్మాయి సర్జరీకి వెళ్ళి తన రికార్డంతా అచ్చు తీయించుకుని తెచ్చుకుంది. డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని పసుపు రంగు పెన్నుతో గీతలు పెట్టుకుంటూ చదివింది. 'తల్లి చెప్పిన ప్రకారం' అని ప్రతి ఏడాదీ ఉంది. తల్లి చెప్పిన ప్రకారం పరుగెత్తినప్పుడు ఆయాసం. తల్లి చెప్పిన ప్రకారం చలికాలంలో ఇన్‌హేలర్ వాడకం. నేను దగ్గరే నిలబడి చపాతీలు ఒత్తుతున్నాను. తను నన్ను నిలదీస్తుందనే అనుకున్నాను. నిలదియ్యలేదు. అంతకంటే ఘోరమైన పని చేసింది, నమ్మింది.

అమ్మ నర్సు, అమ్మ చెప్పిందంటే నిజమే అయ్యుంటుంది, నాకే గుర్తులేదు అనుకుంది. ఆ రోజు నుంచి తన ఊపిరి మీద తనకే అనుమానం మొదలైంది. మెట్లెక్కి పైన ఆగి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని వినేది. ఊపిరి బలం కొలిచే ప్లాస్టిక్ గొట్టం ఒకటి కొనుక్కుని పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం ఊది అంకె రాసుకునేది. మొన్న కొండెక్కేటప్పుడు పైకి వచ్చేసరికి ఆయాసమొచ్చింది, బహుశా అదేనేమో అని వాళ్ళ నాన్నతో అంది. పదికిలోల బియ్యంతో కొండెక్కితే ఎవరికైనా వస్తుంది ఆయాసం. మా ఆయనకు బస్సు దిగి ఇంటి మెట్లెక్కితేనే వస్తుంది. ఆయన ఆ మాటే అన్నాడు, తను నవ్వలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, తను పరుగుకు వెళ్ళి సగంలోనే తిరిగొచ్చింది. మెట్ల మీద కూర్చుని గొట్టం ఊదుతుంటే చూడలేకపోయాను. చేతిలో ఉన్న తువ్వాలు పక్కన పెట్టి, కింద మెట్టు మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. అక్క, మిర్చి యార్డు, చీటీలు, ఫోన్లో ఆడిన అబద్ధాలు. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆపకుండా చెప్పాను. అంతా అయ్యాక, నీకు ఈ సీటు రాకూడదని ప్రార్థన కూడా చేశాను అన్నాను.

"అది తెలుసు మమ్మీ," అంది. "నువ్వు గట్టిగా ప్రార్థన చేస్తావు కదా. నా రూములోకి వినపడుద్ది."

గొట్టాన్ని రెండు చేతులతో తిప్పుతూ కూర్చుంది. నా మీద అరిస్తే బాగుండేది, నాకు తిరిగి అరవడం వచ్చు. చివరికి ఇంగ్లీషులో, ఎవరికీ చెప్పకు అంది. నర్సువి, మందుల విషయంలో ఇలా చేశావని తెలిస్తే నీ రిజిస్ట్రేషన్ పోతుంది, నాకు ఇరవై ఒక్కటే కదా, కొన్నేళ్ళు ఆగుతాను అంది. మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "అది చెప్పింది నిజమే. నీ ఉద్యోగం పోతే మళ్ళీ రాదు. దానికి వయసుంది," అన్నాడు.

నేను తలూపాను. నన్ను కాపాడటానికి కూతురు తన కోరికను పక్కన పెడుతుంటే వద్దనాల్సింది. అనలేదు. హమ్మయ్య అనుకున్నాను. అలా తొమ్మిది రోజులు గడిచాయి.

ఆ తొమ్మిది రోజులూ పనికి వెళ్ళాను. మందుల అలమర తాళాలు నడుముకు కట్టుకుని తిరిగాను. తొమ్మిదో రోజు ఏజెన్సీ నుంచి ఒక నర్సు వచ్చింది, దాదాపు నా వయసే. ఒక పెద్దాయన చార్టులో ఊపిరి నిమిషానికి పద్దెనిమిది అని రాసింది. నేను అక్కడే ఉన్నాను, ఆవిడ ఆయన ఛాతీ వైపు చూడనే లేదు. అందరూ చేసే పనే, మామూలుగా కనిపించే మనిషికి పదహారో పద్దెనిమిదో వేసేయడం. నాకు పిచ్చి కోపం వచ్చింది. పక్కకు పిలిచి, లెక్కపెట్టకుండా ఎలా రాస్తావు, అది ఒక మనిషి ఊపిరి, నువ్వు రాసిందే నిజమని రేపు డాక్టరు మందు ఇస్తాడు అని గదమాయించాను. పాపం ఆవిడ క్షమాపణ చెప్పి, మళ్ళీ వెళ్ళి, గడియారం చూసుకుంటూ లెక్కపెట్టి ఇరవై నాలుగని దిద్దింది.

నేను లినెన్ రూములోకి వెళ్ళి దుప్పట్ల మధ్య నిలబడ్డాను. పన్నెండేళ్ళు నా కూతురి ఊపిరి నేను చూడకుండా రాయించాను. ఇంకొకరికి నీతులు చెప్పడానికి నాకు నోరెలా వచ్చిందో నాకే తెలియదు. షిఫ్టు అయ్యాక సర్జరీకి ఫోన్ చేస్తే మర్నాడు పొద్దున అపాయింట్‌మెంటు దొరికింది. ఇంట్లో చెప్పలేదు. చెబితే ఆపుతారు, ఆపితే ఆగుతానని నా మీద నాకు నమ్మకం.

మా డాక్టరమ్మ మమ్మల్ని చాలా ఏళ్ళుగా ఎరుగును. నేను మొదలుపెట్టగానే టైపు చేస్తూ వింది, కాసేపటికి కీబోర్డు మీది చేతులు తీసేసింది. ఎన్నేళ్ళు అని ఒక్క ప్రశ్న అడిగింది. చెప్పాను. తిట్టలేదు. ఇదంతా రికార్డులో రాయక తప్పదని చెప్పింది. మీరు నర్సు కాబట్టి ఇక్కడి నుంచి కాగితం వెళ్ళేలోపు మీ మేనేజరుకు మీరే చెప్పుకోండి, ఈరోజే చెప్పండి అంది. లేవబోతుంటే, ఇన్నేళ్ళలో మేమూ ఒక్కసారైనా ఆ పిల్లను పిలిచి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి ఉండాల్సింది అని తనలో తను అనుకున్నట్టుగా అంది. బయటికి వచ్చి కారులో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. పక్క సీటు ఖాళీగా ఉంది. ఎవరైనా ఉంటే బాగుండునని అంతగా ఎప్పుడూ అనిపించలేదు.

అక్కడి నుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళి వార్డు మేనేజరు గదిలో అదే కథ మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పడం తేలికేమీ కాదు. విచారణ జరిగినన్ని నెలలూ నాకు మందుల తాళాలు ఇవ్వలేదు. మంచాలు సర్దాను, ఒళ్ళు తుడిచాను, అన్నం తినిపించాను. మందుల బండి మాత్రం నా కళ్ళముందే ఇంకొకరు తోసుకుపోయేవాళ్ళు. ఎందుకని అడిగిన రోగులకు ఏదో ఒకటి చెప్పేదాన్ని. చివరికి నర్సుల రిజిస్టరులో పేరు మిగిలింది, పేరు పక్కన ఒక హెచ్చరికా మిగిలింది. చేసిన దానికి తక్కువే అనుకుంటాను మంచి రోజుల్లో. చెడ్డ రోజుల్లో వేరేగా అనుకుంటాను.

ఆ రోజు సాయంత్రం ఇంట్లో చెప్పినప్పుడు మా ఆయన కుర్చీలో కూలబడ్డాడు. అమ్మాయి పైకి వెళ్ళి తలుపేసుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వద్దన్న పని చేశానని కోపం అనుకున్నాను.

తర్వాత తన పరీక్షలు మొదలయ్యాయి. ఆసుపత్రిలో యంత్రం మీద పరుగెత్తించారు, గొట్టాల్లో ఊదించారు. ఊపిరి శుభ్రంగా ఉందని రాసిచ్చారు. ఆ కాగితానికి డాక్టరమ్మ ఉత్తరమూ, నేను సంతకం పెట్టిన వాంగ్మూలమూ జతచేసి అప్పీలు పంపింది. చాలా వారాలు పట్టింది. ఒప్పుకున్నారు. రెండు రోజుల పరీక్ష దాటింది. ఆ తర్వాత పెద్ద పరీక్షకు వెళ్ళింది.

మూడున్నర రోజుల తర్వాత రైలు దిగినప్పుడు మోకాళ్ళ నిండా దెబ్బలు, అరచేతుల్లో బొబ్బలు. అక్కడ ఎవరికీ పేరుండదట, ఒంటి మీద నంబరే. పలకలూ పీపాలూ తాళ్ళూ ఇచ్చి లేని నదిని దాటమంటారట. ఒక్కొక్కరికి ఒక్కో వంతున నాయకత్వం ఇచ్చి, అధికారులు నోట్ పుస్తకాలు పట్టుకుని చూస్తూ ఉంటారట. కారులో ఇదంతా వాళ్ళ నాన్నకు ఉత్సాహంగా చెప్పింది. ఇంటర్వ్యూలో ఏమడిగారని నేను అడిగాను. రికార్డు గురించి అడిగారంది. నువ్వేం చెప్పావంటే, జరిగింది చెప్పాను అంది. అంతకు మించి చెప్పలేదు, నాకు అడగడానికి మొహం చెల్లలేదు.

సీటు వచ్చింది. ప్రార్థన కూటంలో ఆ ఆంటీయే లేచి నిలబడి, మన పిల్ల, మన పిల్ల అని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

అకాడమీలో చేరే ఆదివారం ముగ్గురం కారులో బయల్దేరాం. తెచ్చుకోవాల్సిన వాటి జాబితాలో ఇస్త్రీ బల్ల కూడా ఉంది. ప్రతి కేడెట్టూ తన బల్ల తనే మోసుకుంటూ లోపలికి నడవాలట. అది వెనక సీట్లో నాకూ తనకూ మధ్య అడ్డంగా ఉంది. దారిలో మోటర్‌వే సర్వీసుల దగ్గర ఆగినప్పుడు మా ఆయన టీ తేవడానికి వెళ్ళాడు. తను కిటికీలోంచి బయటికి చూస్తూ, ఇంటర్వ్యూ సంగతి చెప్పనా అంది.

రికార్డు కథంతా విన్నాక అక్కడి కల్నల్ మొదట ఒక ప్రశ్న అడిగాడట. మీ అమ్మ నీకు చెప్పిన రోజుకూ, డాక్టరుకు చెప్పిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు? పది రోజులని చెప్పిందట. చెప్పిన ఆదివారాన్ని కూడా కలుపుకుంది. ఆ రోజుల్లో నువ్వేం చేశావు అని అడిగాడట. మా అమ్మను చెప్పవద్దన్నాను, అన్ని రోజులూ ఆపింది నేనే అని చెప్పిందట. ఆయన రాసుకున్నాడు, మొహంలో ఏమీ కనబడలేదు. తన పని అయిపోయిందనుకుని బయటికి వచ్చిందట.

"అలా ఎందుకు చెప్పావే? నువ్వు ఒక్కసారే కదా అన్నావు. అన్ని రోజులూ భయపడి కూర్చుంది నేను. సీటు పోయుంటే?" అన్నాను.

"ఒక్కసారన్నా అన్నట్టే కదా," అంది తెలుగులోనే. తర్వాత ఇంగ్లీషులోకి మారింది. ఇంకో ప్రశ్న కూడా అడిగాడట ఆయన, ఇప్పుడైతే ఏం చేస్తావని.

"ఏమన్నావు?"

అప్పుడు నా వైపు తిరిగింది. మధ్యలో ఇస్త్రీ బల్ల ఉంది, దాని పైనుంచి మొహం మాత్రమే కనిపిస్తోంది. మా ఆయన మూడు టీ కప్పులు పట్టుకుని కార్ల మధ్య నుంచి జాగ్రత్తగా నడిచి వస్తున్నాడు. ఆయన వచ్చేలోపు చెప్పెయ్యాలన్నట్టు త్వరగా అంది, ఒక్కో తెలుగు మాటా వెతుక్కుంటూ అంది.

"మొదటి రోజే తీసుకెళ్తాను అన్నాను. డాక్టర్ దగ్గరికి. నువ్వు ఒక్కదానివే వెళ్ళావు మమ్మీ. నేను నీతో రావాల్సింది."